ఆగిన లారీ – ఆగని ఇంజను
పడమటి నెల్లూరు రహదారులలో సరకు వాహనాల అనుబంధ పరికరాల విద్యుదీకరణ

(ప్రత్యేక వ్యాసం)

నెల్లూరు: శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలకు సరకు రవాణా అంటే లారీయే. నడికుడి–శ్రీకాళహస్తి కొత్త రైలు మార్గం ఈ భాగం గుండా పోవలసి ఉన్నప్పటికీ, ఇక్కడి పొగాకు, ధాన్యం, మినుము, కంది, జామాయిల్ కర్ర, ఇసుక, పాలు అన్నీ రోడ్డు మార్గాన్నే నమ్ముకొని ఉన్నాయి. కృష్ణపట్నం రేవు 2008లో ప్రారంభమైన తరువాత ఈ ఒత్తిడి మరింత పెరిగింది. రేవు నుంచి నెల్లూరు, సంగం, ఆత్మకూరు, మర్రిపాడు మీదుగా వెలిగొండలు దాటి బద్వేలు, మైదుకూరు వైపు సాగే 67వ నంబరు జాతీయ రహదారి రాయలసీమకు, అటుపై కర్ణాటకకు ప్రధాన సరకు మార్గం. సీతారామపురం నుంచి ఉదయగిరి, దుత్తలూరు మీదుగా కావలి చేరే దారి రెండవది.

ఈ దారుల వెంట దాబాల ముందు, పెట్రోలు బంకుల ఆవరణలలో, రైసు మిల్లుల వద్ద, డి.సి.పల్లి, కలిగిరి పొగాకు వేలం కేంద్రాల వెలుపల లారీలు గంటల తరబడి నిలిచి ఉండడం కద్దు. లారీ ఆగినంత మాత్రాన దాని ఇంజను కూడా ఆగిందని చెప్పడానికి వీలులేదు. క్యాబిన్ చల్లగా ఉండాలన్నా, వెనుక పెట్టెలోని సరకు చెడకుండా ఉండాలన్నా, ట్యాంకరులోని ద్రవాన్ని పంపుతో తోడాలన్నా, బోరు రిగ్గు పని చేయాలన్నా అక్కడ తిరుగుతున్నది డీజిల్ ఇంజనే. వాహన కాలుష్యం అనగానే పరుగెత్తే బండి పొగయే అందరికీ గుర్తుకు వస్తుంది. నిలిచిన బండి విడిచే పొగ లెక్కకు రావడం అరుదు.

పూర్తిగా బ్యాటరీతో నడిచే భారీ లారీలు ఈ కొండదారులలో మామూలు దృశ్యం కావడానికి ఇంకా సమయం పడుతుంది. బండి డీజిల్‌తోనే నడుస్తూ ఉండగా, దానిపై ఉన్న పరికరాలను మాత్రం విద్యుత్తుకు మార్చడం అంతకంటె సులువైన పని. దీని సాధ్యాసాధ్యాలను పాత్రికేయులకు, రవాణా, విద్యుత్, పరిశ్రమల శాఖల క్షేత్రాధికారులకు వివరించేందుకు ఈ వ్యాసం ఉద్దేశింపబడినది.

చిన్న పనికి పెద్ద ఇంజను

లారీలోని అనుబంధ పరికరాలకు శక్తి మూడు విధాలుగా అందుతుంది. ఇంజను ముందు భాగాన తిరిగే బెల్టు, గేర్ల ద్వారా ఆల్టర్నేటర్, ఏ.సి. కంప్రెషర్, స్టీరింగ్ పంపు, బ్రేకులకు గాలి నింపే కంప్రెషర్, శీతలీకరణ ఫ్యాను పని చేస్తాయి. రెండవది గేరుబాక్సుకు అమర్చే పి.టి.ఓ. టిప్పరు తొట్టిని లేపే హైడ్రాలిక్ జాకీ, ట్యాంకరు పంపు, చెత్తను అదిమే కాంపాక్టరు దీనితోనే నడుస్తాయి. మూడవది, బండి ఇంజనుతో సంబంధం లేకుండా పరికరానికి విడిగా బిగించే మరొక డీజిల్ ఇంజను. పెద్ద శీతల వాహనాలలోను, బోరు రిగ్గుల కంప్రెషర్లలోను ఈ పద్ధతి కనబడుతుంది.

మొదటి రెండు పద్ధతులలోను లోపం ఒక్కటే. పరికరానికి కావలసింది ఒక అశ్వశక్తి అయినా, దానికోసం 150 లేక 200 అశ్వశక్తి గల ఇంజను మొత్తం తిరగాలి. పిస్టన్ల రాపిడికి, నీటి పంపుకు, నూనె పంపుకు, వేడిగా వృథా అయ్యే భాగానికి పోగా పరికరానికి దక్కేది స్వల్పం. భారీ లారీ ఇంజను ఊరక తిరిగినప్పుడు గంటకు సుమారు 3 లీటర్ల డీజిల్ ఖర్చవుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. మన లారీల ఇంజన్లు వాటికంటె చిన్నవి గనుక అందులో సగం, అంటే గంటకు లీటరున్నర అనుకున్నా, ఎనిమిది గంటల రాత్రికి 12 లీటర్లు అవుతుంది. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన ఒక లారీ ఒక రాత్రి కదలకుండానే 32 కిలోల కర్బన వాయువును వదులుతుందన్న మాట.

కర్బన వాయువుతోనే ఇది ముగియదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్–6 ప్రమాణాల ప్రకారం తయారైన లారీలలో నైట్రోజన్ ఆక్సైడులను తగ్గించేందుకు పొగగొట్టంలోకి యూరియా ద్రావణాన్ని చిమ్మే ఏర్పాటు ఉన్నది. డ్రైవర్లు యాడ్‌బ్లూ అని పిలిచే ద్రావణం ఇదే. పొగ సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే గాని ఈ చర్య సరిగా జరగదు. ఇంజను గంటల తరబడి ఊరక తిరుగుతున్నప్పుడు పొగ చల్లబడి, ఎంతో ఖర్చుతో అమర్చిన ఈ శుద్ధి యంత్రం దాదాపు నిద్రావస్థలో ఉండిపోతుంది. మసిని పట్టి ఉంచే ఫిల్టరు సైతం ఇదే కారణం చేత త్వరగా పూడుకుపోతుంది. అత్యాధునిక లారీ కూడా దాబా ముందు నిలిచి తిరుగుతున్నంతసేపు పాత లారీకి దగ్గరి బంధువే.

ఏ.సి. క్యాబిన్ నిబంధన

ఈ విషయం ఇప్పుడు ప్రాముఖ్యత సంతరించుకోవడానికి ప్రత్యేక కారణం ఉన్నది. 2025 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని తయారయ్యే మధ్యతరహా, భారీ సరకు వాహనాల క్యాబిన్లకు ఏ.సి. తప్పనిసరి చేస్తూ కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ 2023 డిసెంబరులో నిబంధన జారీ చేసింది. మూడున్నర టన్నులకు పైబడిన స్థూల బరువు గల సరకు వాహనాలన్నీ ఈ పరిధిలోకి వస్తాయి.

ఇది ఆహ్వానించదగిన నిర్ణయమనడంలో సందేహం లేదు. వేసవిలో ఉదయగిరి దుర్గం చుట్టూ ఉన్న రాతి నేలలో, మర్రిపాడు వైపు మెట్ట భూములలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. ఇంజను వేడి, ఎండ వేడి కలిసి క్యాబిన్ కొలిమి అవుతుంది. పగలంతా ఆ కొలిమిలో కూర్చొని, రాత్రి లారీ కింద పరుపు పరుచుకొనో, పైన టార్పాలిన్ మీద దోమతెర కట్టుకొనో నిద్రపోయి, తెల్లవారకముందే ఘాట్ రోడ్డు ఎక్కే డ్రైవర్ల కష్టం ఈ దారిన పోయే వారికి తెలియనిది కాదు. నిద్ర చాలని డ్రైవరు తనకే గాక ఎదురు వచ్చే వారికి కూడా ప్రమాదమే.

అయితే ఆ నిబంధన ఏ.సి. ఉండాలని చెబుతున్నది గాని, బండి ఆగినప్పుడు అది దేనితో నడవాలన్నది చెప్పలేదు. బెల్టుతో తిరిగే కంప్రెషర్ గల క్యాబిన్‌లో, ఇంజను ఆపితే ఏ.సి. ఆగుతుంది. నేటి వరకు లారీ కింద పడుకున్న డ్రైవరు రేపు చల్లని క్యాబిన్‌లో పడుకోవాలనుకోవడం సహజం. అందుకు రాత్రంతా ఇంజను తిప్పడం ఒక్కటే దారి అయితే, ఇంతకాలం లేని పొగ కొత్తగా మొదలవుతుంది. పైన చెప్పిన 12 లీటర్ల లెక్క పాత లారీలన్నిటికీ వర్తించేది కాదు; ఏ.సి. లేని బండిని రాత్రి నిలిపినప్పుడు ఇంజనును ఆపివేయడమే రివాజు. కొత్త నిబంధన కింద వచ్చే లారీల సంఖ్య ఏటేటా పెరుగుతుంది కాబట్టి, అలవాటు స్థిరపడక ముందే ప్రత్యామ్నాయం చూపడం సులువు.

ప్రాణాపాయం సంగతి కూడా ఇక్కడ ప్రస్తావించక తప్పదు. మూసిన అద్దాల మధ్య, ఇంజను తిరుగుతూ ఉండగా నిద్రించడం ప్రమాదకరం. పొగగొట్టంలో చీలిక గాని, క్యాబిన్ అడుగున రంధ్రం గాని ఉంటే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ లోనికి చేరుతుంది. నిద్రలో ఉన్న మనిషికి అది తెలియదు.

ప్లగ్గు లేకున్నా పొదుపే

దీనికి ప్రత్యామ్నాయంగా 24 వోల్టుల బ్యాటరీతో నడిచే పార్కింగ్ ఏ.సి.లు అందుబాటులోకి వచ్చాయి. వీటిలో కంప్రెషర్‌ను విద్యుత్ మోటారే తిప్పుతుంది. క్యాబిన్ చిన్నది గనుక రాత్రి వేళ సగటున అర కిలోవాటు శక్తి సరిపోతుందనుకుంటే, ఎనిమిది గంటలకు 4 యూనిట్లు కావాలి. 24 వోల్టులు, 200 ఆంపియర్–అవర్ల బ్యాటరీలో 4.8 యూనిట్లు నిలువ ఉంటాయి. లారీని స్టార్టు చేయడానికి ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఈ పనికి పనికిరావు. వాటిని సగానికి మించి తరచుగా ఖాళీ చేస్తే త్వరగా దెబ్బతింటాయి. పైగా, తెల్లవారి బండి కదలదు. కాబట్టి విడిగా లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీని అమర్చుకోవలసి ఉంటుంది.

ఆ బ్యాటరీని గోడ ప్లగ్గు నుంచి నింపితే, నష్టాలతో కలిపి 5 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. దేశంలో విద్యుదుత్పత్తి అధిక భాగం బొగ్గు మీదనే ఆధారపడి ఉన్నందున యూనిట్టుకు సగటున 0.7 కిలోల మేర కార్బన్ డయాక్సైడ్ వెలువడుతున్నది. అంటే రాత్రికి మూడున్నర కిలోలు. పైన చూసిన 32 కిలోలతో పోల్చితే ఇది తొమ్మిదో వంతు. బొగ్గు కరెంటు వాడి కాలుష్యం తగ్గిందనడం మోసం కాదా అని తరచుగా అడిగే ప్రశ్నకు సమాధానం ఈ అంకెలలోనే ఉన్నది. ఇక్కడ ఆదా కరెంటు శుభ్రతలో కంటె, పెద్ద ఇంజనును చిన్న పనికి తిప్పకపోవడంలోనే ఎక్కువగా ఉన్నది.

ఉదయగిరి, వరికుంటపాడు దారిలో లారీకి ప్లగ్గు ఎక్కడ దొరుకుతుందన్నది మరో ప్రశ్న. ప్లగ్గు లేకపోయినా ఈ పద్ధతి పని చేస్తుంది. పగలు బండి నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరే ఆ బ్యాటరీని నింపుతుంది. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉండగా, బరువుతో నడిచే ఇంజను అందులో నూటికి 40 వంతులు, ఆల్టర్నేటర్ దానిలో 60 వంతులు రాబట్టగలవు. అంటే లీటరుకు 2.4 యూనిట్లు. ఆ విధంగా ఒక రాత్రికి కావలసిన 5 యూనిట్లకు పగటిపూట అదనంగా ఖర్చయ్యేది రెండు లీటర్లకు కాస్త పైన. రాత్రి ఇంజనును తిప్పితే 12 లీటర్లు, పగటి నిలువతో నడిపితే రెండు. వెలిగొండల ఘాట్ దిగేటప్పుడు చక్రాలే ఇంజనును తిప్పుతాయి గనుక ఆ కాసేపు నిండే విద్యుత్తుకు డీజిల్ ఖర్చే ఉండదు.

రాష్ట్రంలో 2025లో డీజిల్ ధర లీటరుకు 95 రూపాయలకు పైబడే ఉన్నది. పది లీటర్ల ఆదా అంటే రాత్రికి 950 రూపాయలు. పరికరం, బ్యాటరీ, బిగింపు కలిపి లక్ష రూపాయలు అయ్యాయనుకుంటే, 105 రాత్రులకు ఆ పెట్టుబడి తిరిగి వస్తుంది. ఈ లెక్క నిజమయ్యేది ఇంజను తిప్పి నిద్రపోయే అలవాటు ఉన్న బండికి మాత్రమే. లారీ కింద పడుకునే డ్రైవరు ఉన్న బండికి ఇది పూర్తిగా అదనపు వ్యయం. ఒకటి రెండు లారీలతో, ఫైనాన్సు వాయిదాల మీద వృత్తి సాగించే చిన్న యజమానులకు ఈ తేడా ముఖ్యమైనది. డీజిల్ ఖర్చును భరించేది యజమాని, నిద్ర లేక బాధపడేది డ్రైవరు అయినప్పుడు పెట్టుబడి నిర్ణయం ఆలస్యం కావడం సహజమే.

చల్లని సరకు

శీతల రవాణా విషయానికి వస్తే, కదిలే లారీపై యంత్రంతో చల్లదనాన్ని నిలిపే పద్ధతి 1930ల చివర అమెరికాలో రూపుదిద్దుకున్నది. నల్లజాతి ఆవిష్కర్త ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్ రూపొందించిన ఆ యంత్రమే థర్మోకింగ్ సంస్థకు పునాది. లారీలకు బిగించే పెద్ద శీతల యూనిట్లలో నేటికీ వాటి స్వంత డీజిల్ ఇంజను ఉంటున్నది.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. రొయ్యల ఎగుమతికి వాడే శీతల కంటైనర్ పుట్టుకతోనే విద్యుత్ పరికరం. ఓడలో, రేవులోని స్టాకు యార్డులో, ప్రాసెసింగ్ ప్లాంటు ఆవరణలో అది మూడు ఫేజుల కరెంటుతోనే నడుస్తుంది. ఈ మూడింటికీ మధ్య, రోడ్డు మీద ఉన్న కొద్ది గంటలకు మాత్రం దానికి డీజిల్ జనరేటరును తగిలిస్తారు. లారీ గేటు దగ్గర వంతు కోసం నిలిచినా ఆ జనరేటరు ఆగదు. వేచి ఉండే చోట మూడు ఫేజుల సాకెట్టు ఉన్నట్లయితే డీజిల్ అవసరం అక్కడికి తీరుతుంది. విడి ఇంజను గల శీతల లారీలలో సైతం చాలా నమూనాలకు నిలిచిన చోట కరెంటుతో నడిచే ఏర్పాటు కంపెనీ నుంచే లభిస్తున్నది. సాకెట్టు ఉన్న చోటు దొరకడమే కష్టం.

పడమటి మండలాలకు రొయ్యల కంటె దగ్గరి ఉదాహరణ పాలు. పాల ట్యాంకరుపై చల్లబరిచే యంత్రమేదీ ఉండదు. పల్లెలలోని పాల శీతలీకరణ కేంద్రంలో కరెంటుతో పాలను 4 డిగ్రీలకు చల్లార్చి, వేడి చొరని రెండు పొరల గోడల ట్యాంకరులోకి ఎక్కిస్తారు. డెయిరీ చేరేసరికి ఉష్ణోగ్రత పెద్దగా పెరగదు. చల్లదనాన్ని నేల మీద తయారు చేసి, బండిలో మోసుకుపోవడమే ఇందులోని కిటుకు. ఐస్‌క్రీం వ్యానుల గోడలలోని కోల్డ్ ప్లేట్లదీ ఇదే పద్ధతి. రాత్రి కరెంటుతో వాటిలోని ద్రావణాన్ని గడ్డకట్టిస్తే, పగలంతా యంత్రం లేకుండానే చల్లదనం నిలుస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి పల్లెలకు టీకాలను ఐసు ప్యాకుల పెట్టెలలో తీసుకుపోయే ఆరోగ్య కార్యకర్తలు ఎంతో కాలంగా చేస్తున్నదీ ఇదే. కూరగాయలు, చేపలు, మందులు మోసే చిన్న వాహనాలకు ఉదయగిరి వంటి పట్టణాలలో మొదట ప్రయత్నించదగినది ఈ పద్ధతేనని చెప్పవచ్చు. దీనికి బ్యాటరీ ఖర్చు కూడా లేదు.

బోరు రిగ్గు – విద్యుదీకరణ హద్దులు

ఉదయగిరి ప్రాంతంలో డీజిల్ అత్యధికంగా తాగే వాహన పరికరం ఏదని అడిగితే రైతులు చూపేది బోరు రిగ్గునే. సోమశిల ఆయకట్టు అందే ఆత్మకూరు, అనంతసాగరం పల్లపు భూముల సంగతి వేరు. మెట్ట మండలాలలో సేద్యానికి, తాగునీటికి భూగర్భ జలమే ఆధారం. తమిళనాడులోని తిరుచెంగోడు రిగ్గుల తయారీకి, నిర్వహణకు దేశమంతటా పేరుపొందిన కేంద్రం. 2020 సెప్టెంబరు 28న ప్రారంభమైన వైఎస్సార్ జలకళ పథకం కింద నియోజకవర్గానికి ఒక రిగ్గు చొప్పున కేటాయించి రైతులకు ఉచితంగా బోర్లు వేసే కార్యక్రమం కూడా అప్పట్లో చేపట్టడం జరిగింది.

రాతిని పిండి చేసే సుత్తికి గాలి నందించే కంప్రెషర్‌కు సాధారణంగా 300 అశ్వశక్తికి పైబడిన ఇంజను కావాలి. 300 అశ్వశక్తి అంటే 224 కిలోవాట్లు. పొలాలలో వ్యవసాయ మోటార్లకు అమర్చే 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మర్లను తొమ్మిది పదింటిని ఒక్కచోట చేర్చితే గాని ఒక రిగ్గు నడవదు. బ్యాటరీతో నడపాలంటే ఆరు గంటల తవ్వకానికి వెయ్యి యూనిట్లకు పైబడిన నిలువ కావాలి. ఇది నేటి పరిస్థితులలో ఆచరణ సాధ్యం కాదు. ఆ మాట స్పష్టంగా చెప్పడమే మంచిది.

రిగ్గు విషయంలో ఆదా మరో చోట ఉన్నది. నీరు పడని బోరును వేయకుండా ఆపగలిగితే ఆ తవ్వకపు డీజిల్ మొత్తం మిగులుతుంది, రైతు అప్పు కూడా తప్పుతుంది. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా, ప్రకారం రిగ్గుల నమోదు, బోరుకు ముందస్తు అనుమతి అవసరం. తవ్వకానికి ముందు భూగర్భ జల పరీక్ష జరిపించడం ఏ విద్యుదీకరణ కంటెను ఎక్కువ డీజిల్‌ను ఆదా చేస్తుంది. ఇక రిగ్గుపై లైట్లు, వెల్డింగు వంటి చిన్న పనులకు చిన్న బ్యాటరీ, ఇన్వర్టరు చాలు. వాటి కోసం పెద్ద ఇంజనును స్టార్టు చేయవలసిన అవసరం లేదు.

ఇసుక టిప్పర్ల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. తొట్టి లేచి దిగడానికి పట్టేది ఒకటి రెండు నిమిషాలు. దానికోసం డీజిల్ టిప్పరుకు విడి బ్యాటరీ, మోటారు పెట్టడం వల్ల ఫలితం స్వల్పం. బండి మొత్తం విద్యుత్తుదైతే జాకీ కూడా దానంతట అదే విద్యుత్తు మీదకు వస్తుంది. హైదరాబాదు కేంద్రంగా గల ఓలెక్ట్రా గ్రీన్‌టెక్ సంస్థ 2022లో పరీక్షలకు దింపిన విద్యుత్ టిప్పరు ఈ కోవకు చెందినది. కాంక్రీటు మిక్సరు లారీ అట్లా కాదు. దాని డ్రమ్ము ప్లాంటు నుంచి పని స్థలం వరకు, అక్కడ వంతు వచ్చేవరకు తిరుగుతూనే ఉండాలి. డ్రమ్మును మాత్రమే విద్యుత్ మోటారుతో తిప్పే నమూనాలు ఐరోపాలో వాడుకలో ఉన్నాయి. విద్యుత్ లైన్ల మరమ్మతుకు మనిషిని పైకెత్తే బుట్ట వాహనాలను బ్యాటరీతో పని చేయించే పద్ధతి అమెరికా విద్యుత్ సంస్థలలో ఇప్పటికే అమలులో ఉన్నది. అక్కడ దాని వలన కలిగిన మరో మేలు నిశ్శబ్దం. పైనున్న లైన్‌మన్ మాట కింద ఉన్నవారికి స్పష్టంగా వినబడుతుంది.

ఘాట్ రోడ్డులో ఒక హెచ్చరిక

డీజిల్ ఆదా కోసం దిగుడులో గేరు తీసివేసి, కొందరు ఇంజను సైతం ఆపివేసి బండిని జార్చే అలవాటు ఘాట్ దారులలో పాతదే. ఇంజను ఆగితే స్టీరింగ్ పంపు ఆగి చక్రం బిగుసుకుంటుంది. గాలి కంప్రెషర్ ఆగి, ట్యాంకులోని గాలి తరిగే కొద్దీ బ్రేకులపై భరోసా తగ్గుతుంది. విద్యుత్ లారీలలో ఈ రెండూ విడి మోటార్లతో పని చేస్తాయి గనుక చక్రాల మోటారు శక్తి తీసుకోకున్నా ఆగవు. డీజిల్ లారీలో ఆ భద్రత లేదు. అదనపు బ్యాటరీ, పార్కింగ్ ఏ.సి. బిగించినంత మాత్రాన స్టీరింగు, బ్రేకులు ఇంజను మీద ఆధారపడడం మానవు. పరికరాలు కరెంటుకు మారాయి కాబట్టి దిగుడులో ఇంజను ఆపవచ్చునన్న అపోహ డ్రైవర్లలో కలగకుండా చూడవలసి ఉన్నది.

నిబంధనలు, ప్రోత్సాహకాలు

పి.యు.సి. ధ్రువపత్రం కోసం జరిపే పొగ పరీక్ష బండిని నడిపే ఇంజనుకు సంబంధించినది. యాక్సిలరేటరు తొక్కి, ఒక్కసారిగా వచ్చే పొగ చిక్కదనాన్ని కొలుస్తారు. రాత్రంతా ఊరక తిరిగే ఇంజను ఎంత విడుస్తున్నదన్నది అందులో తెలియదు. శీతల పెట్టెకు, కంప్రెషర్‌కు బిగించిన విడి ఇంజను పొగగొట్టం ఆ పరీక్షలోకి రాదు. క్షేత్రస్థాయిలో లెక్క తప్పుతున్నది ఇక్కడే.

పి.ఎం. ఈ–డ్రైవ్ పథకం 2024 అక్టోబరులో 10,900 కోట్ల రూపాయల అంచనాతో అమలులోకి వచ్చింది. అందులో విద్యుత్ ట్రక్కులకు 500 కోట్లు ప్రత్యేకించారు. 2025 జులైలో వెలువడిన మార్గదర్శకాల ప్రకారం సుమారు 5,600 ట్రక్కులకు, ఒక్కొక్కదానికి గరిష్ఠంగా 9.6 లక్షల రూపాయల ప్రోత్సాహకం నిర్ణయించారు. పాత లారీని తుక్కుగా మార్చినట్లు ధ్రువపత్రం చూపడం అందులో షరతు. రాష్ట్ర ప్రభుత్వం సైతం 2024–29 కాలానికి సుస్థిర విద్యుత్ రవాణా విధానాన్ని ప్రకటించింది. కేంద్ర పథకంలోని ట్రక్కు ప్రోత్సాహకం పూర్తి విద్యుత్ ట్రక్కులకు ఉద్దేశింపబడినది. డీజిల్ లారీ యజమాని దానిపై ఏ.సి.నో, శీతల యూనిట్టునో కరెంటుకు మార్చుకుంటే ఆ సాయం వర్తించదు. రెండు లారీల యజమాని కొనలేని బండికి సాయం ఉండి, అతడు కొనగల పరికరానికి లేకపోవడం గమనార్హం.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చరాదు. కంపెనీ నుంచే బిగించి వచ్చిన పార్కింగ్ ఏ.సి.తో ఏ చిక్కూ లేదు. షెడ్డులో బిగించేటప్పుడు బండి బరువు, వైరింగు, బ్యాటరీ పెట్టె స్థానం విషయంలో మోటారు వాహనాల తనిఖీ అధికారిని ముందుగా సంప్రదించడం యజమానికి మేలు. ప్రతి బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు ఉండాలి. ఛాసిస్ వెంట పోయే తీగ ఇనుముకు రాసుకోకుండా గొట్టంలో పోవాలి. ఎండుగడ్డి, పొగాకు, పత్తి మోసే లారీలలో నిప్పురవ్వ పడితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు.

విదేశాల అనుభవం మిశ్రమంగా ఉన్నది. కాలిఫోర్నియా రాష్ట్రం 2008 నుంచి, నిద్ర క్యాబిన్ గల లారీలు సైతం నిలిచినప్పుడు ఇంజనును ఐదు నిమిషాలకు మించి తిప్పరాదని నిబంధన విధించింది. అక్కడ బ్యాటరీ ఏ.సి.ల వాడకానికి ఊతమిచ్చింది ఈ చిన్న నిబంధనే. అదే రాష్ట్రం 2022లో మరింత ముందుకు పోయి, శీతల లారీల యూనిట్లన్నీ 2029 చివరికల్లా పూర్తిగా పొగరహితం కావాలని నిర్ణయించింది. అందుకు ఫెడరల్ ప్రభుత్వ అనుమతి అవసరం కాగా, 2025 జనవరిలో ఆ భాగానికి సంబంధించిన దరఖాస్తును రాష్ట్రమే ఉపసంహరించుకున్నది.

పడమటి నెల్లూరులో లారీలు గుంపుగా, తెలిసిన కాలంలో, తెలిసిన చోట నిలిచే ప్రదేశాలు వేలం కేంద్రాలు, రైసు మిల్లులు, పెట్రోలు బంకులు. ఇవన్నీ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలోని కనెక్షన్లు గల స్థలాలే. పార్కింగ్ ఏ.సి. బ్యాటరీని నింపడానికి ఇంటిలో నీటి హీటరుకు వాడే 16 ఆంపియర్ల సాకెట్టు సరిపోతుంది. వాన నీరు చొరని పెట్టె, లీకేజీ కరెంటును ఆపే బ్రేకరు, యూనిట్లు లెక్కించే చిన్న మీటరు దానికి తోడు కావాలి. శీతల వాహనానికైతే మూడు ఫేజుల సాకెట్టు అవసరం. డి.సి.పల్లి, కలిగిరి కేంద్రాలలో పొగాకు వేలం సాధారణంగా మార్చి నాటికి మొదలై వేసవి అంతా సాగుతుంది. లారీలు అక్కడ ఎక్కువగా వేచి ఉండే నెలలు, క్యాబిన్‌లో చల్లదనం అత్యవసరమయ్యే నెలలు ఒక్కటే.